కుట్టుమిషను ఎక్కడ పెట్టాలి?

చాలా రోజుల తర్వాత పెద్ద పోస్టు రాస్తున్నాను. ఈసారి చరిత్ర. రాజులూ యుద్ధాలూ కాదు, ఒక కుట్టుమిషనుకి ఇంట్లో చోటు వెతికిన చరిత్ర. ఎప్పటిలాగే నా తెలుగులో తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

మేముండేది ఒంటారియోలో గ్వెల్ఫ్ అనే ఊళ్ళో. పోయిన శీతాకాలం మా అమ్మ స్కార్‌బరోలో ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేసింది. తనతో పాటు రెండు సూట్‌కేసుల నిండా పాత నేత చీరలు, నీలం రంగు బిస్కెట్ల డబ్బా నిండా బొత్తాలు, ఒక ఆకుపచ్చ కుట్టుమిషను వచ్చాయి. ఆ డబ్బా మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. బిస్కెట్లు ఉంటాయని ఆశగా మూత తీస్తే సూదులూ దారాలూ కనిపించే డబ్బా అది.

ఆ చీరలతో ఒక క్విల్ట్ కుట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అందుకని బేస్‌మెంట్‌లో ఒక గది సిద్ధం చేశాను. గోడలకి తెల్లరంగు వేయించాను. రెండు ట్యూబులైట్లు పెట్టించాను. పొడవాటి బల్ల కొన్నాను. అరలు కట్టి చీరలని రంగుల వారీగా మడిచి పెట్టాను. కత్తెరలు గోడకి తగిలించాను. నెల రోజులు కష్టపడి అంతా అయ్యాక అమ్మని పిలిచాను.

అమ్మ మెట్లు సగం దిగింది. గది వైపు చూసింది. "మళ్ళీ కిందేనా?" అంది. అంతే, వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయింది.

"మళ్ళీ" అనే మాట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మళ్ళీ పడేశావా, మళ్ళీ మర్చిపోయావా, ఇవన్నీ విని పెరిగినదాన్నే. కానీ ఆ రోజు ఆ మాట నాకు అర్థం కాలేదు. మళ్ళీ అనాలంటే ఇంతకుముందు ఒకసారి జరిగి ఉండాలి కదా. ఎప్పుడు జరిగింది?

అమ్మని అడిగితే "ఏం లేదులే" అంది. అమ్మ "ఏం లేదులే" అంటే చాలా ఉందని అర్థం. అందుకని నేను చుట్టూ తిరిగి వచ్చాను. ముందు మాటలతో మొదలుపెట్టాను.

క్విల్ట్‌ని తెలుగులో ఏమంటారు? పాలకొల్లులో ఉన్న మా పిన్నికి ఫోన్ చేశాను. "బొంత అంటారే! అంత పెద్ద చదువులు చదివావు, బొంత తెలీదా?" అని నవ్వింది. చిరిగిన చీరలు, పంచెలు ఒకదాని మీద ఒకటి పరిచి, కదలకుండా టాకాలు వేసి, తర్వాత వరసగా దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోతే అదే బొంత. లోపల దూది లేకపోయినా ఫరవాలేదు, చీరల మడతలే వెచ్చగా ఉంటాయి. చిన్నపిల్లల్ని పడుకోబెట్టడానికి బొంత, చలిలో కప్పుకోవడానికి బొంత. చిరిగినచోట అతుకు వేస్తారు. అతుకుల మీద అతుకులు పడితే అది అతుకుల బొంత. ఈ మాట మీరు తెలుగు పేపర్లలో చూసే ఉంటారు. నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం చేస్తే దాన్ని అతుకుల బొంత అని వెక్కిరిస్తారు. నా తెలుగు కూడా అలాంటిదే అనుకోండి.

ఇంకో మాట. "కుట్టు" అనే క్రియ ఎంత పని చేస్తుందో గమనించారా? జాకెట్టు కుడతాం. చెవులు కుట్టిస్తాం. చీమ కుడుతుంది, తేలు కుడుతుంది. ఎవరైనా బాగుపడితే పక్కింటివాళ్ళకి కన్ను కుడుతుంది. మొన చిన్నగా లోపలికి దిగితే చాలు, అది కుట్టడమే.

"మరి అమ్మమ్మ ఎక్కడ కూర్చుని కుట్టేది?" అని పిన్నిని అడిగాను. కుట్టుగది ఉండేదా అన్నాను. ఆ మాట నేనే కల్పించాను. పిన్ని మళ్ళీ నవ్వింది. "గదేంటే? అరుగు మీద." అరుగు అంటే ఇంటి ముందు గోడని ఆనుకుని కట్టిన ఎత్తు గట్టు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిన్నెలు సర్దాక, నలుగురు ఆడవాళ్ళు అక్కడ చేరేవారు. అరుగు మీద వెలుతురు ఉంటుంది, గాలి ఉంటుంది, మాట్లాడటానికి మనుషులుంటారు. కుట్టుపనికి వేరే గది ఎవరికీ లేదు, అక్కర్లేదు కూడా.

అరుగు మీద బొంతలే కాదు, లేసు కూడా అల్లేవారు. మా అమ్మమ్మవాళ్ళ ఊరు నర్సాపురం దగ్గర. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకి క్రోషా లేసు నేర్పారు. తర్వాత అది గోదావరి డెల్టా ఊళ్ళన్నిటికీ పాకింది. ఒక సన్నటి కొక్కెం సూది, దారం ఉండ, ఈ రెండే సరంజామా. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు. ఇంకొకరు ఆ పువ్వులన్నిటినీ కలిపి బల్లగుడ్డగా అతుకుతారు. దాన్ని అతుకుపని అంటారు. ఆ గుడ్డలు ఓడలెక్కి పై దేశాలకి వెళ్ళేవి. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

వినడానికి ఎంతో బాగుంది కదా. నేను కూడా అక్కడే ఆగిపోయేదాన్ని. కానీ జర్మనీకి చెందిన మారియా మీస్ అనే సామాజికశాస్త్రవేత్త ఈ లేసు పని మీద ఒక పుస్తకం రాసిందని తెలిసింది. అది 1982లో వచ్చింది. లైబ్రరీలో దొరికితే చదివాను. ఆవిడ చెప్పినది ఇది. ఆ ఆడవాళ్ళు రోజుకి గంటల కొద్దీ పని చేసేవారు, కానీ వాళ్ళని ఎవరూ కార్మికులు అనలేదు. ఇంట్లో ఊరికే కూర్చునే ఇల్లాళ్ళు తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు అన్నారు. ఆ పేరు పెట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఇవ్వగలిగారు. ఎగుమతి చేసిన వ్యాపారులు ధనవంతులయ్యారు. అల్లినవాళ్ళు అరుగు మీదే ఉన్నారు.

ఇది చదివాక నేను అరుగుని ఇంకోలా చూశాను. పని ఇంట్లో జరిగితే అది పనిలా కనిపించదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

ఇప్పుడు కెనడాకి వద్దాం. ఇక్కడ చలి ఎక్కువ, పాతరోజుల్లో ఇళ్ళు చిన్నవి. క్విల్ట్ కుట్టడానికి మంచమంత కర్రల చట్రం కావాలి. అంత చట్రం ఒకే గది ఉన్న ఇంట్లో ఎక్కడ పెడతారు? కొందరు దాన్ని తాళ్ళతో ఇంటి కప్పుకి వేలాడదీసేవారు. పగలు కిందికి దించి కుట్టేవారు. రాత్రి పైకి లాగేసి, దాని కిందే భోజనం చేసి పడుకునేవారు. నాకు ఈ సంగతి చాలా నచ్చింది. మా బేస్‌మెంట్ ఏర్పాటు కంటే ఇది తెలివైనది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చట్రం చుట్టూ కూర్చుని ఒక్క రోజులో క్విల్ట్ పూర్తి చేస్తే దాన్ని క్విల్టింగ్ బీ అనేవారు. మన అరుగు లాంటిదే, కాకపోతే లోపల పొయ్యి వెలుగుతూ ఉంటుంది.

యుద్ధాలప్పుడు ఈ చట్రాలకి తీరిక లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో సంతకాల క్విల్ట్‌లు కుట్టారు. కొద్దిగా డబ్బు ఇస్తే మీ పేరు దారంతో గుడ్డ మీద కుట్టేవారు. వచ్చిన డబ్బు రెడ్‌క్రాస్‌కి వెళ్ళేది. రెండో ప్రపంచయుద్ధంలో కెనడా ఆడవాళ్ళు బ్రిటన్‌కి పంపిన క్విల్ట్‌లు దాదాపు 4 లక్షలు ఉంటాయని అంచనా. బాంబులు పడి ఇళ్ళు పోయినవాళ్ళకి వాటిని పంచారు. మూలన కెనడా రెడ్‌క్రాస్ అని చిన్న గుడ్డముక్క ఉండేది. కుట్టినవాళ్ళ పేరు మాత్రం చాలావాటి మీద లేదు.

ఇంక మిషను సంగతి. 1846లో ఎలయస్ హవ్, 1851లో ఐజాక్ సింగర్ అమెరికాలో కుట్టుమిషనుకి పేటెంట్లు తీసుకున్నారు. అప్పట్లో మామూలు కుటుంబానికి మిషను చాలా ఖరీదు. అందుకని 1856లో సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతి పెట్టింది. కొంచెం ముందు కట్టి మిషను ఇంటికి తెచ్చుకోవచ్చు, మిగతాది నెలనెలా కట్టొచ్చు. కెనడాలో హామిల్టన్‌లో వాంజర్ అనే ఆయన మిషన్లు తయారుచేశాడు. చార్లెస్ రేమండ్ అనే ఆయన 1862లో మా గ్వెల్ఫ్‌కే వచ్చి ఫ్యాక్టరీ పెట్టాడు. నేను రోజూ కారులో తిరిగే ఊళ్ళో ఒకప్పుడు వేలకొద్దీ కుట్టుమిషన్లు తయారయ్యాయని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

మన దేశంలోనూ మిషను ఇంటింటికీ చేరింది. యంత్రాలంటే గాంధీగారికి అనుమానం అని అందరికీ తెలుసు. కానీ 1924లో ఒక సంభాషణలో ఆయన సింగర్ కుట్టుమిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక పడే శ్రమ చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన చెప్పారు. 1930ల్లో కలకత్తాలో ఉషా మిషన్లు మొదలయ్యాయి. తర్వాత ఎన్నో ఇళ్ళలో కిటికీ పక్కన, పైన గుడ్డ కప్పిన ఉషా మిషను ఒక దేవుడి పటంలా ఉండేది.

మా అమ్మ మిషను కూడా అలాగే ఇండియా నుంచి వచ్చిందని నేను నమ్మాను. పెళ్ళిలో సారెతో పాటు ఇచ్చారేమో, అమ్మమ్మ ముట్టుకున్న మిషనేమో అని ఏవేవో ఊహించుకున్నాను. ఒకరోజు నూనె వేయడానికి మిషనుని పక్కకి వాల్చాను. దాని మీద 185జే అని మోడల్ పేరు ఉంది. వరస సంఖ్య కూడా జే అక్షరంతో మొదలైంది. వెతికితే తెలిసింది. జే అంటే క్యుబెక్‌లోని సాన్-జాన్-సూర్-రిషల్యూ ఊరు. సింగర్ కంపెనీ అక్కడ 1906లో పెద్ద ఫ్యాక్టరీ తెరిచింది, 1986లో మూసేసింది. మా అమ్మ మిషను ఇండియా చూడనే లేదు. నాలాగే అది కూడా కెనడాలోనే పుట్టింది.

ఆ సంగతి అమ్మకి చెప్పాను. "అవును, ఇక్కడే కొన్నాం. సెకండ్ హ్యాండ్‌లో, నువ్వు పుట్టిన ఏడాది," అంది. "ఎందుకు కొన్నావు? నాకు గౌన్లు కుట్టడానికా?" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది.

1967లో కెనడా వలసలకి పాయింట్ల పద్ధతి తెచ్చింది. ఏ దేశం వాళ్ళు అనేదాని బదులు చదువుకి, పనికి, భాషకి పాయింట్లు ఇచ్చారు. ఆ తలుపులోంచే మా నాన్న వచ్చాడు. 1977లో అమ్మ వచ్చింది. అమ్మకి డిగ్రీ ఉంది. ఉద్యోగానికి ఎక్కడికి వెళ్ళినా కెనడా అనుభవం ఉందా అని అడిగేవారట. ఉద్యోగం ఇవ్వకపోతే అనుభవం ఎలా వస్తుంది? నేను పుట్టాక బయటికి వెళ్ళడం కూడా కుదరలేదు. అప్పుడు ఎవరో చెబితే ఇంటి దగ్గర కాలర్లు కుట్టే పని తీసుకుంది. ఒక మనిషి వ్యానులో వచ్చి కత్తిరించిన ముక్కలు, బక్రం, దారం మూటలుగా ఇచ్చి వెళ్ళేవాడు. వారానికోసారి వచ్చి కుట్టినవి తీసుకెళ్ళేవాడు. గంటకి జీతం కాదు, కాలర్‌కి ఇంత అని లెక్క. ఎంతో అమ్మకి ఇంకా గుర్తుంది. నాకు మాత్రం చెప్పలేదు.

మూటలు పైన పెడితే ఇల్లంతా దారాలు, దుమ్ము. చుట్టాలొస్తే బాగుండదు. అందుకని మిషనుని బేస్‌మెంట్‌లో పెట్టారు. ఫర్నేస్ పక్కన, ఒక బల్బు కింద, కిటికీ లేదు. నన్ను పడుకోబెట్టి కిందికి దిగేది. నాలుగేళ్ళు.

నాకు ఆ చప్పుడు గుర్తుంది! పడుకున్నాక నేల కిందనుంచి గర్ర్ మని వచ్చేది, ఆగేది, మళ్ళీ వచ్చేది. అది ఫర్నేస్ చప్పుడని అనుకునేదాన్ని. ఇప్పటికీ అలాంటి చప్పుడు వింటే నాకు నిద్రొస్తుంది. అది మా అమ్మ నిద్రపోకుండా ఉన్న చప్పుడు.

"ఎవరికీ చెప్పలేదా?" అని అడిగాను. "ఏమని చెప్పను? ఇంట్లోనే ఉన్నాను కదా," అంది. పాలకొల్లుకి రాసే ఉత్తరాల్లో కూడా "ఇంట్లోనే ఉంటున్నాను" అని రాసేదట. మారియా మీస్ పుస్తకంలో చదివినదే మా ఇంటి కింద జరిగింది.

ఇది మా అమ్మ ఒక్కతి కథ కాదు. టొరంటోలో స్పడైనా వీధి చుట్టూ ఉన్న బట్టల ఫ్యాక్టరీలు తగ్గుతున్నకొద్దీ పని ఇళ్ళలోకి జారిపోయింది. 1991లో దుస్తుల కార్మికుల యూనియన్ వాళ్ళు ఇంటి దగ్గర కుట్టే చైనీస్ ఆడవాళ్ళతో మాట్లాడారు. చాలామందికి కనీస వేతనం కూడా రావడం లేదని తేలింది. తర్వాత ఇంటి దగ్గర కుట్టేవాళ్ళ కోసం ఒక సంఘం కూడా పెట్టారు. అప్పటికి అమ్మ ఆ పని మానేసి చాలా ఏళ్ళయింది. ఈ సంగతి చదివి వినిపిస్తే "ఓహో, అయితే అది పనే అన్నమాట," అంది. నవ్వుతూనే అంది.

ఆ శనివారం నేను బేస్‌మెంట్ ఖాళీ చేశాను.

ముందుగదిలో దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది. అక్కడ సోఫా ఉండేది. సోఫా కిందికి వెళ్ళింది, మిషను పైకి వచ్చింది. మీలో ఎవరైనా ఇంట్లో కుట్టుకోవడానికి చోటు చూసుకుంటుంటే, మేము నేర్చుకున్నవి ఇవి.

మొదటిది వెలుతురు. కుడిచేత్తో పనిచేసేవాళ్ళకి వెలుతురు ఎడమవైపు నుంచి వస్తే చేతి నీడ కుట్టు మీద పడదు. రెండోది ఎత్తు. కత్తిరించే బల్ల నిలబడి పనిచేయడానికి, కాబట్టి దాదాపు 36 అంగుళాలు ఉండాలి. మిషను బల్ల కూర్చుని పనిచేయడానికి, 28 నుంచి 30 అంగుళాలు చాలు. నేను కింద రెండు పనులకీ ఒకే బల్ల పెట్టాను. నడుం నొప్పి రావడానికి అదొక్కటి చాలు. మూడోది, కత్తిరించడం, కుట్టడం, ఇస్త్రీ, ఈ మూడూ రెండడుగుల దూరంలో ఉండాలి. క్విల్ట్‌లో ప్రతి అతుకు కుట్టగానే ఇస్త్రీ చేయాలి. ప్రతిసారీ లేచి వేరే గదికి వెళ్తే సాయంత్రానికి ఓపిక అయిపోతుంది.

కత్తిరించడానికి నేను చక్రంలా తిరిగే కత్తి వాడతాను. జపానుకి చెందిన ఓల్ఫా కంపెనీ దాన్ని 1979లో తెచ్చింది. దానితో నాలుగు పొరలు ఒకేసారి తెగుతాయి, కింద చాప లాంటి మందపు షీటు వేసుకోవాలి. అమ్మ దాన్ని ముట్టుకోదు. తన పెద్ద కత్తెరే కావాలి. కాగితం కత్తిరించడానికి ఆ కత్తెర తీస్తే ఇప్పటికీ తిడుతుంది. గోడకి ఒక తెల్ల ఫ్లానెల్ గుడ్డ తగిలించాం. దాని మీద ముక్కలు గుండుసూదులు లేకుండానే అంటుకుంటాయి. దూరంగా నిలబడి రంగులు సరిపోయాయో లేదో చూసుకోవచ్చు. చీరలు మాత్రం ఎండ తగలకుండా అలమారలో పెట్టాం. కిటికీ పక్కన పెడితే రంగు వెలిసిపోతుంది.

ఒక చీర అయిదున్నర మీటర్లు. అంచు తీసేశాక కూడా ఎన్నో ముక్కలొస్తాయి. మొదటి చీర, ఆకుపచ్చ మంగళగిరి, కత్తిరించేటప్పుడు నా చెయ్యి వణికింది. అమ్మ "కొయ్యి, ఏం కాదు, అది చీరగా చెయ్యాల్సింది చేసేసింది," అంది.

పావు అంగుళం వదిలి కుట్టాలి అని అన్ని చోట్లా రాస్తారు. నేను కుట్టిన మొదటి గడి వంకరగా వచ్చింది. అమ్మ బ్లేడు తీసుకుని కుట్లన్నీ విప్పింది. తను కుట్టి చూపించింది. అంత తిన్నగా, అంత త్వరగా ఎలా కుడుతోందా అని చూశాను. వెంటనే నాకే అర్థమైంది. నాలుగేళ్ళ కాలర్లు.

ఎస్తర్ బ్రయన్ అనే కళాకారిణి 1998లో మొదలుపెట్టిన ఒక క్విల్ట్ ఉంది. 2005లో దాన్ని మొదటిసారి గాటినోలోని మ్యూజియంలో అందరికీ చూపించారు. దాదాపు 36 మీటర్ల పొడవు, 263 గడులు. కెనడాలోని ఆదివాసీ జాతులకీ ప్రపంచంలోని ప్రతి దేశానికీ ఒక్కో గడి ఉంది, ఇండియాకి కూడా. నేను ఫొటోలే చూశాను. అమ్మని తీసుకెళ్ళి చూపించాలని ఉంది.

మా బొంతకి 30 గడులు అనుకున్నాం. ఇప్పటికి 11 అయ్యాయి. రెడ్‌క్రాస్ క్విల్ట్‌ల లాగా వెనక మూలన ఒక చిన్న గుడ్డముక్క కుడతాను. కాకపోతే దాని మీద కుట్టినవాళ్ళ పేరు ఉంటుంది. తెలుగులో, దారంతో. అమ్మ పేరులో ఒత్తు ఒకటుంది, అది ఎలా కుట్టాలో ఇంకా తేల్చుకోవాలి.

మీ ఇంట్లో అమ్మ మిషనో అమ్మమ్మ మిషనో ఉంటే, అది ఏ గదిలో ఉండేదో ఒకసారి అడగండి. ఎందుకు అక్కడ పెట్టారో కూడా అడగండి. "ఏం లేదులే" అంటే వదలకండి.

ఇంక ఆపుతాను. కిటికీ దగ్గరనుంచి అమ్మ పిలుస్తోంది. "మళ్ళీ దారం తెగింది, ఇలా రావే, సూదిలోకి ఎక్కించు."